ఉప్పు కలిపిన బీరు

"లోకో భిన్నరుచిః" అనే మాటను మనవాళ్లు వాదన తప్పించుకోవటానికి వాడతారు. ఒకరికి తీపి ఇష్టం, ఒకరికి పులుపు ఇష్టం, ఇందులో వాదించటానికి ఏముంది అంటారు. సాహిత్యంలో ఈ మాటను మనం ఒప్పుకోలేదు. ఒక పద్యం ఒకరికి ఎందుకు నచ్చుతుందో, మరొకరికి ఎందుకు నచ్చదో వాళ్ల జీవితాల్లో వెతకాలని అభ్యుదయ విమర్శకులు మొదటినించీ అంటున్నారు. అయితే నాలుక మీది రుచి దగ్గరికి వచ్చేసరికి మనమూ ఆ పాత మాట చాటుకే పోతున్నాం. నాలుకకు చరిత్ర లేదన్నట్లు, దాని ఇష్టాయిష్టాలు పుట్టుకతో వచ్చినవన్నట్లు మాట్లాడుతున్నాం.

ఈ వ్యాసంలో ఒకే ఒక్క రుచిని తీసుకుని దాని పుట్టుపూర్వోత్తరాలు విచారించదలిచాను. అది నిమ్మకాయ పిండి, ఉప్పు వేసిన బీరు రుచి. ఇటువంటి పత్రికలో బీరు ప్రసక్తి ఏమిటని కొందరికి చిరాకు కలగవచ్చు. కాని కొత్తగూడెంలో బొగ్గుబాయి కార్మికుల పిల్లలకు పాతికేళ్లుగా పాఠాలు చెపుతున్నవాడు ఆ పిల్లల తండ్రులు ఏం తింటున్నారో, ఏం తాగుతున్నారో పట్టించుకోకుండా వుండలేడు. పైగా ఈ రుచి ఇప్పుడు పర్మిట్ రూములో ఆగిపోలేదు. హైదరాబాదులో పెద్ద పబ్బులు దాన్ని మెక్సికో పేరుతో అమ్ముతున్నాయి. బీరు కంపెనీలు దాన్ని సీసాలోనూ డబ్బాలోనూ బిగించి అమ్ముతున్నాయి. అంచేత ఇది వ్యక్తిగతమైన అలవాటుగా మిగిలిపోయే విషయం కాదు.

మా వూళ్లో మొదటి షిఫ్టు దిగిన తరవాత వైన్‌షాపు పక్క పర్మిట్ రూములో ఎవరైనా చూడవచ్చు. మనిషి ముందు స్ట్రాంగు బీరు సీసా, ప్లాస్టిక్ గ్లాసు, కాగితంలో పల్లీలు, ఒక నిమ్మచెక్క, చిటికెడు ఉప్పు వుంటాయి. గ్లాసులో బీరు పోసి, నిమ్మచెక్క పిండి, ఉప్పు వేస్తాడు. నురగ బుస్సున పొంగుతుంది. పొంగు అణిగేదాకా ఆగి, సగం గ్లాసు ఒక్క గుక్కలో తాగుతాడు. కొత్తవాళ్లకు ఇది మోటు అలవాటుగా కనిపిస్తుంది. దీనిలో వున్న శాస్త్రం వాళ్లకు తెలియదు. ఉప్పు రేణువుల గరుకు మీద వాయువు బుడగలు కట్టి పైకి లేస్తుంది, దానితో బీరులోని గ్యాసు చాలావరకు పోతుంది, కడుపు వుబ్బరించదు. ఉప్పు నాలుక మీద చేదును అణుస్తుంది. నిమ్మ పులుపు స్ట్రాంగు బీరులో వుండే వెగటు తీపిని కోస్తుంది. ఏ పుస్తకమూ చదవకుండా మనిషి తన నాలుకతో చేసిన ప్రయోగం ఇది.

ఆ నాలుకకు ఇది ఎట్లా తెలిసింది? ఒకసారి ఒక పెద్దవయసు కార్మికుణ్ణి అడిగాను. ఆయన కోల్ ఫిల్లరుగా పనిలో చేరినవాడు, తట్టతో బొగ్గు మోసి టబ్బులు నింపినవాడు. "ఉప్పు పడకపోతే రాత్రి పిక్కలు పట్టుకుంటయ్ సార్. ఉత్త నీళ్లు ఎన్ని తాగినా ఆగదు" అన్నాడు. ఆయన బీరు రుచి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. తన కాళ్ల గురించి చెప్పాడు.

ఆయన చెప్పినదాన్ని ఇంగ్లండులో నూరేళ్ల కిందట శాస్త్రజ్ఞులు పరిశోధించి రుజువు చేశారు. లోతైన, వేడి గనుల్లో పని చేసేవాళ్లకు కాళ్లూ చేతులూ పొట్టా కొంకర్లు పోయేవి. కె. నెవిల్ మాస్ అనే ఆయన 1923లో ఆ గనివాళ్ల చెమటను కొలిచాడు. ఒక షిఫ్టులో మనిషి 8 కిలోలకు పైగా బరువు చెమట రూపంలో కోల్పోయిన సందర్భం ఆయన కొలతల్లో వుంది. ఒక లీటరు చెమటతో రెండు మూడు గ్రాముల ఉప్పు పోతుంది. అంత ఉప్పు పోయిన మనిషి దాహానికి ఉత్త నీళ్లు తాగితే ఒంట్లో మిగిలిన ఉప్పు ఇంకా పలచబడి కండరాలు పట్టేస్తాయి. తాగే నీళ్లలో కాస్త ఉప్పు వేస్తే ఆ బాధ పోతుందని మాస్, గని వాయువుల మీద జీవితమంతా పని చేసిన జె. యస్. హాల్డేన్ ఇద్దరూ చెప్పారు. ఈ హాల్డేన్ కొడుకే జె. బి. యస్. హాల్డేన్. చిన్నతనంలో తండ్రి వెంట గనుల్లోకి దిగినవాడు, ఇంగ్లండు కమ్యూనిస్టు పత్రిక "డెయిలీ వర్కర్"లో కార్మికులకు అర్థమయ్యేటట్లు సైన్సు వ్యాసాలు రాసినవాడు, 1957లో మన దేశానికి వచ్చి 1964లో భువనేశ్వరంలో చనిపోయినవాడు. పనివాడి ఒంటిని శాస్త్రం ఎట్లా చూడాలో ఆ తండ్రీకొడుకులు చూపించారు. వాళ్లు కొలిచి చెప్పిన దాన్ని మా కోల్ ఫిల్లరు తన పిక్కలతో తెలుసుకున్నాడు.

ఇప్పుడు మరో అంకె చూద్దాం. మన దేశంలో 1952 నాటి గనుల చట్టం 19వ సెక్షను గనిలో చల్లని తాగునీరు ఏర్పాటు చెయ్యాలన్నది. ఆ చోటును కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలో పేరు రాసి గుర్తించాలన్నది. దాని కింద 1955లో చేసిన నియమాలు మనిషికి కనీసం రెండు లీటర్లు అన్నాయి. రెండు లీటర్లు కనీసమే కావచ్చు. అయినా ఆ రెండు లీటర్లనీ, మాస్ కొలిచిన 8 కిలోల చెమటనీ పక్కపక్కన పెట్టి చూడటం మంచిది. కొత్తగూడెం, రామగుండం, గోదావరిఖని బెల్టులో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. భూగర్భంలో ఎండ వుండదు, ఉక్క వుంటుంది. తడిబల్బు ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు దాటకూడదని బొగ్గు గనుల నిబంధనలు చెపుతాయి. అంతవరకూ ఉక్కను చట్టం అనుమతిస్తుందని దాని అర్థం. ఓపెన్‌కాస్టులో పైన సూర్యుడు, కింద నల్లని బొగ్గు. ఈ రెంటి మధ్యా మనిషి ఉడుకుతాడు. సింగరేణిలో అత్యధిక భాగం బొగ్గు ఇప్పుడు ఓపెన్‌కాస్టుల నించే వస్తున్నది.

ఉప్పూ పులుపూ కలిసిన పానీయం మనకు కొత్త కాదని ఇక్కడ చెప్పుకోవాలి. జొన్న అంబలిలో ఉప్పు వేసి, ఉల్లిపాయ నంజుకుని పొద్దంతా చేను పని చేశారు మన వాళ్లు. గంజిలో ఉప్పు, మజ్జిగలో ఉప్పూ నిమ్మాకూ, గోలీసోడాలో నిమ్మరసమూ ఉప్పూ, ఇవన్నీ చెమట పట్టే పనికి పుట్టిన రుచులు. నీడపట్టున కూర్చునే ఇళ్లలో మజ్జిగ భోజనం చివర అన్నంలోకి వచ్చింది. ఎండలో పని చేసే ఇళ్లలో అది ముంతలో చేనుకు వెళ్లింది. వేసవిలో సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో మజ్జిగ ప్యాకెట్లు పంచటం ఈ పాత జ్ఞానానికి కొనసాగింపే. బాయి పనికి వచ్చిన రైతు కూలీ తన అంబలి నాలుకను వెంట తెచ్చుకున్నాడు. పట్నపు సీసా ముందు కూర్చున్నప్పుడు ఆ నాలుక తనకు అలవాటైన ఉప్పునూ పులుపునూ అడిగింది. నిమ్మ ఉప్పు బీరు పుట్టుక నాకు ఇట్లా అర్థమయింది.

ఇక మెక్సికో సంగతి. అక్కడి వాడుక భాషలో బీరును చెలా అంటారు. చల్లని బీరులో నిమ్మరసం పిండి, గ్లాసు అంచుకు ఉప్పు అద్ది ఇస్తే అది చెలాడా. దానికి తోడు మిరపకారం, కారపు సాసు, పులుపు సాసులు, కొన్ని చోట్ల టొమాటో రసం కలిపితే మిచెలాడా. పేర్లు వూరూరికీ మారుతుంటాయి గాని నిమ్మా ఉప్పూ ఎక్కడా మారవు. నేను హైదరాబాదులో ఈ రెండూ తాగి చూశాను. చెలాడా నిజంగా బాగుంది. ఎండకు నాలుక పిడచ కట్టిన రోజున అంతకంటె చల్లని మాట మరొకటి వుండదు. మిచెలాడా మాత్రం నాకు చారులో బీరు పోసినట్లు తోచింది. చారు మంచిదే, బీరు సంగతి తాగేవాళ్లకు తెలుసు, రెంటికీ పెళ్లి చెయ్యవలసిన అవసరం నాకు కనిపించలేదు. కాని మెక్సికో మనిషికి మిరపకారం తన నేల రుచి. మిరపకాయ అక్కడినించే ప్రపంచానికి వచ్చింది. మన పక్క ఖమ్మం మార్కెట్టులో ఎర్రగా కొండలుగా పోసే మిర్చి ఆ గడ్డ బిడ్డే.

నిమ్మకాయ కథ దీనికి ఎదురుగా నడిచింది. మెక్సికోవాళ్లు బీరులో పిండే చిన్న, పలచని తొక్క నిమ్మకాయా, మన నకిరేకల్లు మార్కెట్టుకు బస్తాల్లో వచ్చే కాగితపు నిమ్మకాయా ఒకటే జాతి. అది ఆసియాలో పుట్టి, అరబ్బుల చేతుల మీదుగా ఐరోపాకు పోయి, స్పెయిన్ ఓడల్లో మెక్సికో చేరింది. ఇప్పుడు ప్రపంచమంతా దాన్ని మెక్సికన్ నిమ్మ అంటున్నది. వాళ్లు మనకు మిరప ఇచ్చారు, మన దిక్కునించి వాళ్లకు నిమ్మ పోయింది. ఈ ఇచ్చిపుచ్చుకోవటాలు వలసపాలకుల ఓడల్లో జరిగినా, ఆ మొక్కలకు నీళ్లు పోసి పెంచినవాళ్లు రెండు చోట్లా రైతులే. ఎవరి పేరూ ఏ సీసా మీదా లేదు.

మిచెలాడా అన్న పేరు ఎక్కడిది? దీనికి మూడు కథలు చెపుతారు. సాన్ లూయిస్ పొతోసి నగరంలో ఒక క్లబ్బు వుంది. అందులో మిచెల్ అనే పెద్దమనిషి బీరులో నిమ్మరసం, ఉప్పు, ఐసు వేయించుకుని తాగేవాడనీ, ఆయన పేరే దానికి వచ్చిందనీ ఒక కథ. మెక్సికో విప్లవ కాలపు జనరలు ఒకాయన పేరని మరో కథ. "నా చల్లని బీరు" అనే మాటలు స్పానిషులో కలిసిపోయి అట్లా అయిందని మూడో కథ. మొదటి రెండు కథలూ వింటే నాకు మన పాత సాహిత్య చరిత్రలు గుర్తు వస్తాయి. జనం పాటకు రాజుగారిని కర్తగా చూపే అలవాటు అన్ని దేశాల్లోనూ వున్నట్లుంది. సాన్ లూయిస్ పొతోసి పేరే గని పేరు. 1592లో దగ్గరలోని కొండల్లో వెండీ బంగారమూ దొరికినందువల్ల ఆ వూరు పుట్టింది. నేటి బొలీవియాలో వున్న పొతోసి వెండి గనుల పేరు దానికి తగిలించారు. అటువంటి గనుల వూళ్లో చెమటా ఉప్పూ అంటే ఏమిటో తెలుసుకోవటానికి జనానికి క్లబ్బు పెద్దమనిషి కావలసివచ్చిందంటే నమ్మటం కష్టం.

బీరు రాకముందు మెక్సికో జనం తాగింది పుల్కే. మగేయి అనే ముళ్ల మట్టల మొక్క నించి తీసిన రసం పులిస్తే పుల్కే అవుతుంది. మన ఈతకల్లు, తాటికల్లు, అడవి ప్రాంతపు జీలుగుకల్లు ఎట్లాంటివో అది అట్లాంటిది. తెల్లగా, పుల్లగా, ఆ రోజుకు ఆ రోజు తాగవలసిందిగా వుంటుంది, నిలవ వుండదు. నిలవ వుండనిది పెద్ద పెట్టుబడికి పనికిరాదు. 19వ శతాబ్దం చివర ఐసూ రైళ్లూ సీసాలూ బీరును దూరాలకు మోసుకుపోయాయి. దానితో పాటు పుల్కే మీద ప్రచారమూ మోసుకుపోయాయి. పుల్కే పులియటానికి అందులో పేడ మూట వేస్తారన్న పుకారు ఈనాటికీ అక్కడ వినిపిస్తుంది. బీరు శుభ్రమైనది, ఆధునికమైనది, నాగరికులు తాగేది అన్నారు. పుల్కే అంగళ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

మనకు ఇదంతా పరిచయమైన కథే. కల్లు పల్లెటూరివాళ్లదనీ బీరు పట్నంవాళ్లదనీ మనమూ అనుకోవటం నేర్చుకున్నాం. ఇక్కడ కల్లును ఆకాశానికి ఎత్తటం నా ఉద్దేశం కాదు. డిపోల్లో క్లోరల్ హైడ్రేటు, అల్ప్రజోలం వంటి మత్తుమందులు కలిపిన కల్లు తెలంగాణలో ఎన్ని ఇళ్లను ముంచిందో మా విద్యార్థులకు తెలుసు. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. అయితే ఆ పాపం గీతకార్మికుడి చెట్టుది కాదు. చెట్టుకు సాధ్యం కానంత సరుకు అమ్ముకోవాలన్న వ్యాపారానిది.

ఇప్పుడు సీసాలు ఎవరివో చూద్దాం. డచ్చి కంపెనీ హైనెకెన్ 2010లో మెక్సికోలోని ఫెంసా బీరు వ్యాపారాన్ని కొన్నది. 1890లో మోంతెర్రే నగరంలో మొదలైన బ్రూవరీ, అందులో తయారయ్యే తెకాతే, సోల్ బీర్లూ దానివయ్యాయి. 2021లో అదే హైనెకెన్ మన యునైటెడ్ బ్రూవరీస్‌లో 61 శాతానికి పైగా వాటా సంపాదించింది. కింగ్‌ఫిషర్ దాని సరుకు. ఏబీ ఇన్‌బెవ్ అనే బెల్జియం కంపెనీ 2013లో మెక్సికోలోని మొదేలో కంపెనీని పూర్తిగా సొంతం చేసుకుంది. 2016లో శాబ్‌మిల్లరును మింగింది. దానితో మన నాకౌటూ, హేవర్డ్స్ 5000 కూడా దాని ఖాతాలోకి పోయాయి. ఈ రెండు కంపెనీలకూ మన సంగారెడ్డి జిల్లాలో బ్రూవరీలున్నాయి. కొత్తగూడెం కార్మికుడూ మోంతెర్రే కార్మికుడూ ఒకరి ముఖం ఒకరు చూసి ఎరగరు. వాళ్ల సీసాల లాభాలు మాత్రం ఒకే లెక్కల పుస్తకంలో కలుసుకుంటున్నాయి.

నిమ్మా ఉప్పూ ఈ లెక్కల పుస్తకంలోకి ఎట్లా ఎక్కాయో కూడా చూడాలి. 2007లో అమెరికాలో మిల్లర్ కంపెనీ చెలాడా పద్ధతిలో నిమ్మా ఉప్పూ రుచి వేసిన మిల్లర్ చిల్ అనే బీరు తెచ్చింది. అది కొన్నేళ్లు అమ్మి ఆపేశారు. దాదాపు అదే రోజుల్లో టొమాటో రసమూ ఉప్పూ నిమ్మా కలిపిన చెలాడాను బడ్ లైట్ డబ్బాల్లో పోసి అమ్మటం మొదలయింది. అమెరికాలో పొలాల్లోనూ, ఇళ్లు కట్టేచోటా చెమటోడ్చే మెక్సికో కూలీలు అప్పటికే తమ చేత్తో కలుపుకుంటున్నదాన్ని వాళ్లకే తిరిగి అమ్మారు. 2024 చివర కింగ్‌ఫిషర్‌వాళ్లు గోవాలో లెమన్ మసాలా అనే బీరు విడుదల చేశారు. మన బండి మీది నిమ్మసోడా రుచి ఇప్పుడు ముద్రిత లేబులయింది.

ఈ సరుకు రుచి ఎట్లా వుంటుందంటే, డబ్బాలో వచ్చే నిమ్మ రుచుల్లో నేను చూసినవన్నీ సబ్బు వాసనకు దగ్గరగా వున్నాయి. అప్పుడే కోసిన నిమ్మకాయలో పులుపు ఒక్కటే వుండదు. తొక్కలో నూనె వుంటుంది, గింజ నలిగితే చేదు వుంటుంది, పిండిన వేళ్ల మీద వాసన గంటసేపు వుంటుంది. కార్ఖానా ఆ నాలుగింటిలో ఒకదాన్ని తీసుకుని మిగతా మూడూ వదిలేస్తుంది. ఇంతకంటె పెద్ద లోపం మరొకటుంది. పర్మిట్ రూములో మనిషి తన గ్లాసులో ఎంత ఉప్పు పడాలో తను తేల్చుకుంటాడు. ఆ రోజు ఎంత చెమట పోయిందో అతని చెయ్యి ఎరుగును. డబ్బాలో ఉప్పు పాళ్లు మార్కెట్టు నిపుణుడు నిర్ణయిస్తాడు. ఆయన లెక్కలో చెమట లేదు.

రుచుల విమర్శలో నాకు ముఖ్యంగా కనిపించేది ఇదే. అవసరంలో పుట్టిన రుచిని పెట్టుబడి ఆ అవసరం నించి విడదీసి, సరదాగా మార్చి, అమ్ముతుంది. జానపద బాణీని సినిమావాళ్లు తీసుకున్నప్పుడు నాటు వేసే ఆడవాళ్ల నడుంనొప్పి ఆ పాటలోంచి జారిపోతుంది. ఈ బీరులోనూ పిక్కల నొప్పి జారిపోయింది. పబ్బులో గ్లాసు అంచు మీది ఉప్పు అలంకారం. పర్మిట్ రూములో గ్లాసులో పడిన ఉప్పు ఒంటికి రావలసిన బాకీ.

ఇంతవరకూ చదివిన మిత్రులు, "అయితే కార్మికుడు బీరు తాగటం మంచిదే అంటావా?" అని అడుగుతారు. అనను. కార్మికుడి అలవాటు గనక అది మంచిదని వాదించటం అభ్యుదయం కాదు, ముఖస్తుతి. లెక్క చూడండి. 650 మిల్లీలీటర్ల సీసాలో నూటికి 8 పాళ్ల సారాయి వుంటే మొత్తం 52 మిల్లీలీటర్లు. అది రెండు పెద్ద పెగ్గుల విస్కీతో సమానం. సారాయి మూత్రాన్ని పెంచుతుంది. పోయిన నీటిని నిలబెట్టవలసిన వేళ ఇంకొంత నీరు బయటికి తోస్తుంది. ఉప్పు వేసుకున్నందువల్ల పిక్కలు కాస్త కుదుటపడవచ్చు. అదే ఉప్పు దాహం పెంచి రెండో సీసా అడిగిస్తుంది. పల్లీల మీది ఉప్పు మూడోది అడిగిస్తుంది. మజ్జిగ ముంతలో మందుగా వున్న ఉప్పు సీసా పక్కన చేరేసరికి దుకాణదారుడి నౌకరు అవుతుంది.

ఒక తల్లి సంగతి చెప్పాలి. ఆమె కొడుకు నా దగ్గర చదివాడు. భర్త ఓపెన్‌కాస్టులో మట్టి తీసే ఒక కాంట్రాక్టరు కింద పని. ఒక మే నెలలో అతను పనిలోనే కాళ్లు కొంకర్లు పోయి పడిపోయాడు. ఆ పని చోట మజ్జిగ లేదు, తాగునీళ్లు ఎవరి డబ్బా వాళ్లు తెచ్చుకోవలసిందే. ఆసుపత్రిలో సెలైను పెట్టి, ఒంట్లో ఉప్పు తగ్గిందని చెప్పి పంపారు. అప్పటినించీ రోజూ పని దిగగానే ఉప్పు వేసిన బీరు తాగటం మొదలుపెట్టాడు. డాక్టరే ఉప్పు కావాలన్నాడు గదా అని ఇంట్లో వాదన. ఏడాది తిరిగేసరికి కూలిలో మూడో వంతు సీసాకు పోతున్నది. ఆ తల్లి నాతో అన్నది: "సారూ, ఉప్పు పాకెట్టు ఎంత, సీసా ఎంత? ఉప్పు కోసమే అయితే నేను కలిపియ్యనా?" ఇంతకంటె సూటిగా ఈ సమస్యను ఎవరూ చెప్పలేరు. ఆమె తన మొగుడి రుచిని ఎక్కిరించలేదు. ఆ రుచి ధరను అడిగింది.

1991, 92లలో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాకొట్టు మూయించినప్పుడు అడిగింది కూడా ఇదే. చదువు నేర్చుకునే బడిలో కూర్చుని, ఇంటికి వచ్చే కూలి డబ్బు ఎక్కడికి పోతున్నదో లెక్క వేశారు. అది నీతిబోధ కాదు, అర్థశాస్త్రం. వాళ్ల పోరాటం వల్ల 1993 అక్టోబరు 1 నించి రాష్ట్రంలో సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. సారా ప్యాకెట్టు పోయిన చోట సీసా కూర్చుంది. ఖజానాకు సీసా లేనిదే గడవదనే స్థితి వచ్చింది. 2025 జనవరిలో ధరలు పెంచటంలేదనీ బకాయిలు రాలేదనీ యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు బీరు సరఫరా ఆపుతామని ప్రకటించింది, ఆ నెలలోనే మళ్లీ మొదలుపెట్టింది. ఫిబ్రవరిలో ప్రభుత్వం బీరు ధరలు 15 శాతం పెంచింది. ఆ 15 శాతం చివరికి ఎవరి కూలిలోంచి వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

అంచేత ఈ విషయంలో రెండు రకాల పెద్దమనుషులతో మనకు పేచీ వుంది. ఒకరు నీతిపరులు. కార్మికుడి గ్లాసును చూస్తారు గాని అతని చొక్కాకు తెల్లగా మేటవేసిన ఉప్పును చూడరు. రెండోవారు రసికులు. గ్లాసు అంచున ఉప్పును చూసి ముచ్చటపడతారు గాని అది ఎక్కడినించి వచ్చిందో అడగరు. ఇద్దరికీ కనిపించనిది ఒకటే, పని.

మెక్సికో జనం ఈ విషయంలో ఒక పాఠం చెప్పారు. ఉత్తరాన ఎడారి పక్కనున్న మెహికాలి నగరంలో కాన్‌స్టెలేషన్ బ్రాండ్స్ అనే అమెరికా కంపెనీ 140 కోట్ల డాలర్లతో బీరు కార్ఖానా కట్టటం మొదలుపెట్టింది. మాకూ మా చేలకూ నీళ్లు చాలటంలేదు, బీరుకు ఎట్లా ఇస్తారని రైతులూ జనమూ ఎదురుతిరిగారు. 2020 మార్చిలో ప్రభుత్వం జనాభిప్రాయం అడిగింది. ఓటు వేసినవాళ్లలో నూటికి 76 మంది వద్దన్నారు. కార్ఖానా ఆగిపోయింది. నిమ్మా ఉప్పూ వేసిన బీరును ప్రపంచానికి నేర్పినవాళ్లే, బీరు కంటె నీళ్లు ముందు అన్నారు. బీరు మీద ప్రేమ వున్నవాళ్లు ఆ మాట అనగలిగారు గనకనే దానికి అంత విలువ.

మన బెల్టులోనూ ముందు అడగవలసింది నీళ్లే. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షా పదిహేను వేలకు పైగా పర్మనెంటు కార్మికులుండేవారు. ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో వున్నారు. మిగతా పని కాంట్రాక్టు కార్మికుల మీద పడింది. 2022 సెప్టెంబరులో వాళ్లు 18 రోజులు సమ్మె చేశారు. జీతం మీద జరిగిన ఆ పోరాటంలో నేను విన్న చిన్న మాటలు మరికొన్ని వున్నాయి: నీడ, నీళ్లు, విశ్రాంతి, క్యాంటీను. ఇవి డిమాండ్ల పట్టికలో చివరి వరసలో వుంటాయి. ఒంటికి మాత్రం ఇవే మొదటివి. షిఫ్టు నడుస్తుండగానే మనిషికి చల్లని నీళ్లూ, ఉప్పు వేసిన మజ్జిగా, పావుగంట నీడా దొరికితే అతను దాహంతో పర్మిట్ రూముకు పోడు. అప్పుడు కూడా పోతే, సరదాకు పోయాడని అనుకుందాం. సరదాకు ఒక గ్లాసులో నిమ్మకాయ పిండుకున్నవాడితో నాకు తగాదా లేదు. మిచెలాడా మంచిదా, చెలాడా మంచిదా అన్న వాదన అప్పుడు హాయిగా పెట్టుకోవచ్చు.

చివరగా మన విద్యార్థులకు ఒక పని. ఈ వేసవి సెలవుల్లో మీ వూళ్లో పని జరిగే చోట్లకు, గనులైనా ఇటుకబట్టీలైనా మిరప కల్లాలైనా సరే, వెళ్లండి. తాగునీళ్లు ఎంత దూరంలో వున్నాయో అడుగులతో కొలవండి. షిఫ్టుకు ఎన్ని లీటర్లు తాగుతున్నారో, వాటిలో ఉప్పు ఎవరు వేస్తున్నారో, పని దిగాక ఏం తాగుతున్నారో, దానికి కూలిలో ఎంత పోతున్నదో రాసుకోండి. ఆడవాళ్లను విడిగా అడగండి, వాళ్ల లెక్క వేరుగా వుంటుంది. ఆ కాగితాలు మా బడికి తెచ్చినా సరే, మీ యూనియను ఆఫీసులో ఇచ్చినా సరే. రుచి మీద రాయవలసిన తరవాతి వ్యాసం ఆ కాగితాల్లోంచి రావాలి.